అప్‌డేట్: బ్యాక్‌గ్రౌండ్ స్క్రిప్ట్ లాగ్ సమస్య తేలింది

పోయిన వారం అడిగింది నేనే. పైథాన్ స్క్రిప్ట్‌ని చివర & పెట్టి (అంటే బ్యాక్‌గ్రౌండ్‌లో నడవమని) వదిలేస్తే, ఎర్రర్లన్నీ టెర్మినల్ మీదకే వచ్చి పడుతున్నాయని, లాగ్ ఫైల్ మాత్రం గంటసేపు ఖాళీగానే ఉంటోందని. బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదో తేడా జరుగుతోందనుకున్నాను. పాపం & తప్పేం లేదు.

మీలో ఒకరు చెప్పినట్టు, అవుట్‌పుట్‌ని ఫైల్‌కి మళ్లించే గుర్తుల వరస తిరగబడింది (1 అంటే మామూలు అవుట్‌పుట్, 2 అంటే ఎర్రర్లు). నేను రాసింది 2>&1 >లాగ్. షెల్ (మన కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రాం) ఎడమ నుంచి కుడికి చదువుతుంది కదా, 2 దగ్గరికి వచ్చేసరికి 1 ఇంకా టెర్మినల్‌నే చూపిస్తోంది. దాన్నే 2కి కాపీ చేసింది. ఆ తర్వాత 1 ఫైల్‌కి మారింది, 2 ఉన్నచోటే ఉండిపోయింది. 2>&1 అంటే "ఎప్పటికీ 1 వెంటే వెళ్లు" అని ఇన్నేళ్లూ అనుకున్నాను! >లాగ్ 2>&1 అని మార్చాక ఎర్రర్లు బుద్ధిగా ఫైల్లోకి వెళ్తున్నాయి.

అయినా ప్రింట్ చేసిన లైన్లు మాత్రం రాలేదు. మళ్లీ టెన్షన్. అది వేరే సంగతి: టెర్మినల్‌కైతే లైన్ లైన్‌కీ రాస్తుంది, ఫైల్‌కైతే బఫర్ (తాత్కాలికంగా దాచుకునే మెమరీ) నిండేదాకా పైథాన్ తన దగ్గరే పెట్టుకుంటుంది. ఓపిక లేక నేను కిల్ కొట్టి స్క్రిప్ట్‌ని ఆపేసిన ప్రతిసారీ ఆ బఫర్‌లో ఉన్నదంతా పోయింది. అంటే సగం నష్టం నా చేతులారా చేసుకున్నదే. పైథాన్‌అన్‌బఫర్డ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇచ్చాను, ఇప్పుడు ఫైల్ చివర చూపించే టెయిల్ కమాండ్‌లో లైన్లు వెంటవెంటనే కనిపిస్తున్నాయి.

లాగౌట్ అయ్యాక కూడా నడుస్తుందో లేదో ఈ రాత్రి నోహప్ అనే కమాండ్‌తో చూస్తాను.