శీలావతి (రోహు) చేప మేతలో లైసిన్, మెథియోనిన్ పొడి కలపాలా?

గుంటూరు_చెరువు: 100 కిలోల మేతలో 70 డీఓబీ (నూనె తీసిన తవుడు), 30 వేరుశనగ చెక్క. సంచుల్లో కట్టి వేలాడదీస్తున్నాం. శీలావతి మేత బాగానే లాగుతోంది, బరువు మాత్రం రావట్లేదు. విజయవాడలో మందుల షాపువాళ్లు లైసిన్, మెథియోనిన్ (ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాలు) కలిసిన పొడి అమ్ముతున్నారు. ఎంత వేయాలి?

మేత_లెక్క: ముందు లెక్క కట్టండి. డీఓబీలో ప్రొటీన్ సుమారు 15 శాతం, వేరుశనగ చెక్కలో 42. మీ మేతలో మొత్తం ప్రొటీన్ 23 కిలోలు. శీలావతి లాంటి కార్ప్ చేపకు ఆ ప్రొటీన్లో 5.7 శాతం లైసిన్ ఉండాలి, అంటే 1.3 కిలోలు. మీకు వస్తున్నది 0.9. వేరుశనగ ప్రొటీన్లో లైసిన్ 3.4 శాతమే, అసలు చిక్కు అక్కడే. మెథియోనిన్, సిస్టీన్ అనే మరో అమైనో ఆమ్లం కలిపి చూస్తే దాదాపు సరిపోతున్నాయి, దానికి డబ్బు పెట్టకండి.

లైసిన్ తక్కువైతే మిగతా అమైనో ఆమ్లాలు ఎంతున్నా కండ పట్టదు. అవి విరిగి, అమ్మోనియాగా మొప్పల నుంచి నీళ్లలోకి పోతాయి. మేత ఖర్చూ పోయి, నీరూ పాడవుతుంది.

గుంటూరు_చెరువు: అంటే లైసిన్ ఒక్కటే వేస్తే సరిపోతుందా అండీ?

మేత_లెక్క: లోటు 0.4 కిలో. లైసిన్ హైడ్రోక్లోరైడ్‌లో అసలు లైసిన్ 78 శాతం కాబట్టి 100 కిలోలకు సుమారు 510 గ్రాములు పడుతుంది. కానీ సంచిలో వేయకండి! చేప నోటికి అందేలోపే చాలా వరకు కరిగిపోతుంది. మిల్లులో గుళికలు పోయించేటట్టయితే, నీళ్లు పట్టకముందే పిండిలో సమంగా కలిపించాలి. పైన చల్లిన పొడీ నీళ్లలో కారిపోతుంది. ఇంకోటి, కార్ప్‌కు పొట్ట ఉండదు. విడి లైసిన్ చెక్కలోని అమైనో ఆమ్లాలకంటే ముందే రక్తంలోకి వెళ్లిపోతుంది. అదే మేతను రోజుకు మూడు విడతలుగా పెడితే కొంత నయం.

పెనమలూరు_ఫిష్: సంచి వదలనంటే చెక్క మార్చడమే దారి. 30 కిలోలూ సోయా చెక్క పెడితే లైసిన్ 1.33 కిలోలకు చేరుతుంది, లోటు లేనట్టే. వేరుశనగ, సోయా సగం సగం వేస్తే ఇంకా సుమారు 0.2 కిలో లోటు ఉంటుంది. ఆ మిగిలిన లోటును చెరువులోని ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) కొంత తీరుస్తుంది. అందుకే నీరు పచ్చగా ఉన్న, పలుచగా పిల్లలు వేసిన చెరువులో ఈ సమస్య బయటపడదు. సోయా బాగా వేయించినదై ఉండాలి. పచ్చిదైతే ప్రొటీన్‌ను అరిగించే ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం జీర్ణాన్ని చెడగొడుతుంది.

మేత_లెక్క: గుంటూరులో చవగ్గా దొరుకుతుంది కదా అని పత్తి చెక్క మీద పడకండి. నూనె తీసేటప్పుడు తగిలే వేడికి పత్తి గింజలోని గాసిపాల్ అనే విష పదార్థం లైసిన్‌కు అంటుకుని చేపకు అందకుండా చేస్తుంది. ల్యాబ్ రిపోర్టులో లైసిన్ కనిపిస్తుంది, కండలో కనిపించదు. తెలగపిండిలో (నువ్వుల చెక్కలో) మెథియోనిన్ ఎక్కువే గానీ లైసిన్ తక్కువ, మీ లోటుకు పనికిరాదు.

పెనమలూరు_ఫిష్: ఇవన్నీ మార్చేముందు తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ కొలవండి. 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) కంటే తగ్గుతుంటే ఏ చెక్క పెట్టినా ఎదగదు.