సమస్య: «నీరు తగిలి రాయి నిప్పు గ్రక్కె»

నిర్వాహకుడు (విజయనగరం): ఈ వారం పాదం పైనుంది, దాని ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. రాయంటే అహల్య కథ, చెకుముకి రాయి వద్దు. అరిగిపోయాయి.

గజపతినగరం మాస్టారు:

గోడ సున్నమేయ గుండిగలో వేయ
బుసలు కొట్టి పొంగె, పొగలు చిమ్మె
తాత నవ్వి యనెను "తగదురా భయమింత"
నీరు తగిలి రాయి నిప్పు గ్రక్కె

నాగావళి: పొంగె, పొగలు బాగున్నాయి మాస్టారూ. కానీ సున్నం ఉడుకుతుంది గాని మండదు. నిప్పేదండీ? నాది:

పలక క్రింద పలక పాతాళమున దూరి
యుప్పునీరు వదల నుడుకుచోట
కరగు వేడి తగ్గి కరిగె మాంటిలు చూడు
నీరు తగిలి రాయి నిప్పు గ్రక్కె

సాలూరు సోడా: ‘గ్ర’ ముందున్న ‘ప్పు’ గురువైపోదా? సమస్య ఇచ్చినవాళ్ళే గణం తప్పితే ఎలా?

నిర్వాహకుడు: వేర్వేరు తెలుగు మాటలండీ, సమాసం కాదు. ‘పలక క్రింద’ దగ్గర ఈ అనుమానం రాలేదేం?

మాస్టారు: నాగావళి గారి పద్యమంటే ఆయనకి అన్నీ లఘువులే. దీపావళి సమస్యలో ఆవిడ మూడో గణంలో సూర్యుడి కుర్చీలో ఇంద్రుణ్ణి కూర్చోబెడితే వీరతాడు వేశారు. అది పోనీ, నీళ్ళు పడితే నిప్పు ఆరాలి గాని రాయి కరగడమేటి?

నాగావళి: చమత్కారమంతా అక్కడే ఉంది. భూమి పైభాగం పెద్ద పెద్ద రాతి పలకలుగా ఉంటుంది. సముద్రం అడుగు పలక తన ఖనిజాల్లో నీటిని బిగించుకుని పక్క పలక కిందికి దిగుతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతుకి వెళ్ళేసరికి వేడికీ ఒత్తిడికీ ఆ నీరు విడిపోయి పైనున్న మాంటిల్‌లోకి, అంటే భూమి పెంకు కిందుండే వేడి రాతి పొరలోకి, ఎక్కుతుంది. అక్కడ వేడి పెరగక్కర్లేదు, తడిసిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. జపాన్‌లో, ఆండీస్‌లో అగ్నిపర్వతాలు పలక దిగే చోట ఏర్పడే సముద్ర కందకం వెంబడి వరస కట్టింది ఇందుకే. మనకి అండమాన్లలో బారెన్ ద్వీపం ఉంది, 1991 నుంచి మళ్ళీ రాజుకుంటోంది.

కళింగపట్నం కుర్రోడు: మరి మన ఒడ్డున ఒక్కటీ లేదేటండీ?

నాగావళి: మన నేలా, ఎదురుగా ఉన్న సముద్రం అడుగూ ఒకే పలక తమ్ముడూ. అది దూరే అంచు అండమాన్–సుమత్రా దగ్గరుంది. అక్కడ రెండు పలకలూ పట్టేసుకుంటే పైది వందల ఏళ్ళు వంగుతూ ఉంటుంది, పట్టు జారిందా భూకంపమే. 2004 డిసెంబర్ 26న దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవునా జారింది, తీవ్రత 9.1. సముద్రం అడుగు ఎగిసి నీటిని నెట్టేస్తే ఆ అల మన తీరందాకా వచ్చింది.

సాలూరు సోడా: అంతా బాగుంది. ఖనిజంలో బిగిసిన నీరంటూనే పద్యంలో ఉప్పునీరేటి? ‘ఉన్న నీరు వదల’ అంటే యతీ చెడదు, మాటా నిలుస్తుంది.

మాస్టారు: యతి కోసం ఉప్పేశారన్నమాట! నా సున్నంలో నిప్పు వెతికినావిడ!

నాగావళి: సముద్రంలోంచి వచ్చిన నీరే కదండీ. సోడా గారి సవరణ బాగుంది, కానీ మాస్టారికి ఉప్పు నచ్చలేదు గనక ఉంచేస్తున్నాను.