అప్‌డేట్: గుండెపోటు తర్వాత నాన్నగారి దిగులు

స్టెంట్ వేశాక నాన్నగారు ఎవరితోనూ మాట్లాడటం లేదని, అది నీరసమా డిప్రెషనా అని అడిగాను కదా. డిప్రెషనే. కార్డియాలజిస్ట్ పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారం నింపించి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు. గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి తీవ్రమైన డిప్రెషన్ ఉంటుందట.

హార్మోన్ల సంగతీ అడిగాను. ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ మామూలుగా పొద్దున లేవగానే పెరిగి, అర్ధరాత్రికి బాగా తగ్గిపోవాలి. డిప్రెషన్‌లో కొందరికి రాత్రి కూడా తగ్గదు. అడ్రినలిన్ లాంటివి ఎక్కువైతే గుండె వేగం, బీపీ పెరుగుతాయి. ప్లేట్‌లెట్లు తేలిగ్గా అతుక్కుని రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఎక్కువవుతుంది. అయినా కార్టిసాల్ టెస్ట్ రాయలేదు. డిప్రెషన్‌ని తేల్చేది ప్రశ్నలే, రక్తపరీక్ష కాదన్నారు.

సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. గుండెపోటు వచ్చినవాళ్లకు ఇది సురక్షితమేనని 2002లో వచ్చిన సాడ్‌హార్ట్ అధ్యయనం చూపింది. కాకపోతే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం కొంత పెరుగుతుంది. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, మలం నల్లగా కనిపించినా వెంటనే చెప్పమన్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఇవే మందులు వాడుతుంటే ఈ ఒక్కటి తప్పక గమనించండి.

రిహాబ్‌లో (గుండెపోటు తర్వాత కోలుకోవడానికి చేయించే వ్యాయామాల్లో) నడక మొదలైంది. నిద్ర ఇంకా సరిగ్గా పట్టడం లేదు. కానీ నిన్న బీపీ తనే చూసుకుని, నోట్‌బుక్‌లో రాసి, నాకు చూపించారు. డోసు గురించి వచ్చే అపాయింట్‌మెంట్‌లో మాట్లాడతాం.