తమ్ముడికి జబ్బు చేసినప్పటి నుంచి మా పెద్దపాప ఏదీ అడగడం మానేసింది

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి

మా పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు అయిదేళ్లు. ఎనిమిది నెలల క్రితం బాబుకు రక్త క్యాన్సర్ అని తేలింది; అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు. చికిత్స పూర్తి కావడానికి రెండు నుంచి మూడేళ్లు పడుతుందని డాక్టర్లు ముందే చెప్పారు. మందులు బాగా పనిచేస్తున్నాయి కనుక ఆ విషయంలో మనసు కొంత కుదుటపడింది. నేను రాస్తున్నది పాప గురించి.

ఈ ఎనిమిది నెలల్లో పాప మమ్మల్ని ఒక్కసారి కూడా విసిగించలేదు. తానే లేచి తయారవుతుంది, హోంవర్క్ చేసుకుంటుంది, నేను ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఎవరు ఏది పెడితే అది తిని పడుకుంటుంది. చూసినవాళ్లందరూ "ఎంత బుద్ధిమంతురాలో" అంటుంటే నేనూ మురిసిపోయాను. పోయిన వారం బడికి బయలుదేరుతూ కుంటుతుంటే బూట్లు విప్పించి చూశాను. రెండు మడమల మీదా తోలు ఊడిపోయి, పాత పుండు మానకముందే కొత్త పుండు పడి ఉంది. బొటనవేలి గోరు నల్లబడింది. బూట్లు ఇరుకై రెండు నెలలు దాటిందట. ఒరుసుకోకుండా మడమల దగ్గర నోటుపుస్తకం కాగితం మడిచి పెట్టుకుంటోంది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అది చిన్న విషయం కదమ్మా" అంది.

అప్పటి నుంచి మిగతా సంగతులు కూడా ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి. బాబును కీమోకు తీసుకువెళ్లే రోజుల్లోనే పాపకు కడుపునొప్పి వస్తోంది, పరీక్షలు చేయిస్తే ఏమీ తేలలేదు. అర్ధరాత్రి లేచి తమ్ముడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి వెళ్లి పడుకుంటోంది. జబ్బు గురించి ఈ వయసు పిల్లకు ఎంతవరకు చెప్పవచ్చు? ఏదీ పైకి చెప్పని పిల్లతో మాట ఎలా మొదలుపెట్టాలి? ఎప్పుడైనా ఎముక మూలుగు (బోన్ మారో) మార్పిడి అవసరమైతే ఇవ్వడానికి అక్క ఉంది కదా అని బంధువులు పాప ఎదుటే అంటున్నారు. దానికి ఏమి చెయ్యాలి?

జవాబు 1: పిల్లల వార్డులో కౌన్సిలర్

మీరు చెప్పడం కంటే ముందు, పాప ఏమనుకుంటోందో తెలుసుకోండి. "తమ్ముడికి ఈ జబ్బు ఎందుకు వచ్చిందని నువ్వు అనుకుంటున్నావు?" అని అడిగి, వెంటనే సరిదిద్దకుండా చివరి దాకా వినండి. రెండు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలు తమ మనసులోని మాటకూ బయట జరిగినదానికీ సంబంధం ఉందని నమ్ముతారని పిల్లల ఆలోచనా తీరును అధ్యయనం చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే ఎప్పుడో రాశారు. కానీ భయం పట్టుకున్నప్పుడు పదేళ్ల పిల్లలు కూడా అలాగే ఆలోచించడం నేను చాలాసార్లు చూశాను. ఆటలో చెల్లెలిని తోశానని, అందుకే ఆమెకు జబ్బు వచ్చిందని ఒక బాబు ఏడాది పాటు ఎవరికీ చెప్పకుండా మోశాడు.

ఆ తరువాత మూడు మాటలు స్పష్టంగా, ఒక్కసారి కాదు, పదే పదే చెప్పాలి. ఈ జబ్బు ఎవరు చేసిన పని వల్లా, ఎవరు అన్న మాట వల్లా రాలేదు. ఇది అంటుకునేది కాదు. మేము ఆసుపత్రిలో ఉన్నప్పుడు నిన్ను ఫలానావారు చూసుకుంటారు అని మనిషి పేరుతో సహా చెప్పాలి. జబ్బును దాని పేరుతోనే పిలవండి. "తమ్ముడికి జ్వరం" అని దాటవేస్తే, రేపు తనకు జ్వరం వచ్చిన రోజున పాప ఎంత భయపడుతుందో ఊహించండి. వార్డు నియమాలు అనుమతిస్తే, పాపకు జలుబూ దగ్గూ లేని రోజు చూసి, ఒకసారి ఆసుపత్రికి తీసుకురండి. ఇంట్లో కూర్చుని ఊహించుకున్నది సాధారణంగా అక్కడ ఉన్నదాని కంటే భయంకరంగా ఉంటుంది.

కడుపునొప్పి నటన కాదు, నిజంగానే నొప్పి పుడుతుంది. చిన్నపిల్లల క్యాన్సర్ చికిత్సలో మానసిక, సామాజిక సంరక్షణ ఎలా ఉండాలో చెబుతూ 2015లో వెలువడిన ప్రమాణాలలో తోబుట్టువులకు అండగా నిలవడం కూడా ఒకటి. అందువల్ల మీ వైద్య బృందాన్ని పాప కోసం సహాయం అడగడానికి మొహమాటపడకండి.

జవాబు 2: మూర్ఛ ఉన్న తమ్ముడికి అక్కను

ఆ మడమల సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నా తమ్ముడికి ఫిట్స్ మొదలైనప్పుడు నాకు పదేళ్లు. రాత్రిళ్లు వాడి మంచం పట్టె మీద చెయ్యి వేసి పడుకునేదాన్ని; మంచం కదిలితే మెలకువ వస్తుందని. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

నాకు మేలు చేసినది ఒక డాక్టరు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, గడియారం చూడాలని, 5 నిమిషాలు దాటితే అంబులెన్సును పిలవాలని నాకు ఓపికగా నేర్పి, చివర, "ఇది నీకు తెలిసి ఉండడం మంచిది, కానీ పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నంతసేపూ ఇది నీ పని కాదు" అన్నారు. ఆ రాత్రే హాయిగా నిద్రపోయానని చెప్పలేను కానీ, ఆ మాటను పట్టుకునే మెల్లగా నిద్ర నేర్చుకున్నాను. మీ పాపకు కూడా రాత్రి తమ్ముడిని ఎవరు చూస్తారో, ఎన్నిసార్లు లేస్తారో చెప్పండి.

ఇంకొక్క మాట. "బుద్ధిమంతురాలు" అన్న ప్రతిసారీ, ఇక ఏడవకూడదు అని నేను నాకు చెప్పుకునేదాన్ని. వాడు లేకపోతే బాగుండునని ఒకసారి అనుకుని, అలా అనుకున్నందుకు ఏళ్ల తరబడి కుమిలిపోయాను. తమ్ముడి మీద ప్రేమా, కోపమూ రెండూ ఒకే మనిషికి ఉండవచ్చునని నాతో ఎవరూ అనలేదు. మీరు అనండి.

జవాబు 3: ఒక తండ్రి

మా చిన్నవాడికి గుండె ఆపరేషన్లు జరిగిన కాలంలో, పెద్దమ్మాయిని ప్రతి ఆదివారం బయటికి తీసుకువెళ్తానని మాట ఇచ్చి వరుసగా మూడు వారాలు తప్పాను. నాలుగో వారం వెళ్దాం పద అంటే, "వద్దులే నాన్నా" అంది. అప్పుడు తగ్గించుకున్నాను: నిద్రకు ముందు 15 నిమిషాలు, ఆసుపత్రిలో ఉంటే ఫోనులో. ఆ సమయంలో తమ్ముడి సంగతి నేను ఎత్తను. ఏమి మాట్లాడాలో తనదే నిర్ణయం. రెండు వారాలు పెన్సిళ్లు, స్నేహితురాళ్ల తగవులు. మూడో వారం చీకట్లో, "తమ్ముడు చనిపోతాడా?" అని అడిగింది. అలా జరగకూడదనే డాక్టర్లు పనిచేస్తున్నారని, ఏది మారినా నీకు దాచకుండా చెబుతానని అన్నాను. అంతకు మించి నాకు మాటలు రాలేదు. క్లాసు టీచరుకు కూడా విషయం తెలియజేయండి. చదువు తగ్గకపోయినా సరే.

జవాబు 4: పిల్లల వార్డులో కౌన్సిలర్

మూలుగు సంగతి మరిచాను. ఈ రకం లుకేమియాలో ఎక్కువమంది పిల్లలు మార్పిడి అవసరం లేకుండా మందులతోనే కోలుకుంటారు. ఒకవేళ అవసరమైనా, ఒకే తల్లిదండ్రులకు పుట్టిన తోబుట్టువుతో పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. సరిపోకపోయినా, సరిపోయి ఫలించకపోయినా, తప్పు తనదేనని పిల్లలు మనసులో పెట్టుకుంటారు. దాతగా ఉండబోయే బిడ్డ తరఫున మాత్రమే మాట్లాడే మనిషి ఒకరు వేరుగా ఉండాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2010లోనే సూచించింది. బంధువులు పాప ఎదుట ఆ ప్రస్తావన తేకుండా మీరు గట్టిగా ఆపవలసిందే.

ప్రశ్న అడిగిన తల్లి, పది రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే అడిగాను. చాలాసేపు దుప్పటి అంచు మెలిపెడుతూ కూర్చుని, "తమ్ముడు నీ కడుపులో ఉన్నప్పుడు నాకు తమ్ముడు వద్దని అన్నాను కదమ్మా" అంది. అప్పుడు దానికి నాలుగేళ్లు. ఆ మాట నాకు గుర్తు కూడా లేదు. దాని వల్ల జబ్బు రాదని ఆ రాత్రి ఎన్నిసార్లు చెప్పానో. మరునాడు పొద్దున మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను.

బంధువులతో మావారు మాట్లాడారు. కొత్త బూట్లు కొన్నాం. రెండో రోజే, ఎడమ బూటు వదులుగా ఉందని, మార్చమని పేచీ పెట్టింది. ఆ సాయంత్రమే వెళ్లి మార్చుకొచ్చాం. రాత్రిళ్లు లేవడం ఇంకా మానలేదు. మావారు తన పక్క బాబు గదిలోకి మార్చుకున్నారు, పాప వచ్చినప్పుడల్లా "నేను చూస్తున్నాను, నువ్వు పడుకోమ్మా" అంటున్నారు.