అప్‌డేట్: మా నాయనమ్మ చెప్పిన ‘ఆకు’ సంగతి తేలింది

మొన్న ఒక ప్రశ్న అడిగాను కదా. పరకాల దగ్గర మా ఊళ్లో నాయనమ్మ పాత కథ చెప్తూ "ఆకు ఇరిగింది బిడ్డా, అంగడికి ఎట్ల పోతరు?" అంది. ఆకు విరిగితే అంగడి ఎందుకు ఆగుతుందో నాకు అర్థం కాలేదు. చాలామంది తమలపాకు అన్నారు, ఒకరు విస్తరాకు అన్నారు.

రెండూ కాదు. ఆదివారం ఊరికి పోయి మా వడ్ల తాతను, అంటే వడ్రంగి తాతను, అడిగితే నవ్వి, కొట్టంలో మూలకు పడున్న ఎడ్లబండి చక్రం చూపించాడు. మధ్యలోని కుండ నుంచి చుట్టు వరకు పోయే కట్టెలున్నాయి చూడండి, అవే ఆకులు! సైకిల్‌కైతే పుల్లలు అంటాం కాబట్టి నాకు తట్టనే లేదు.

ఆయన అక్కడితో ఆగలేదు. ఇనుము అరగదీసేది ఆకురాయి అన్నాడు. ఎండాకాలంలో ములుగు వైపు "ఆకుకు పోయిన్రు" అంటే బీడీలు చుట్టే తునికాకు కోతకేనట. యాభై ఆకులు ఒక కట్ట. పెళ్లింట్లో "ఆకు తెచ్చిన్రా?" అంటే మాత్రం తమలపాకే, అక్కడ మీ జవాబు కరెక్టే.

మా వైపు వరి నారుమడి అంటాం. కోస్తా నుంచి వచ్చిన మా వదిన దాన్నే ఆకుమడి అంటుంది. మొదట్లో ఆకుకూరల మడి అనుకుని గోంగూర తెమ్మన్నాను, ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.