ఫ్రెంచి రచయిత్రిని ‘ఓత్రీస్’ అనాలా, ‘ఓతర్’ చాలా?

పదశోధిని:
ఫ్రెంచిలో రచయితను ‘ఓతర్’ అంటారు. రచయిత్రిని ఏమనాలన్నదే అక్కడ తెగని వాదం. కొందరు ‘ఓత్రీస్’ అంటారు. కొందరు ‘ఓతర్’నే ఉంచి, రాతలో మాత్రం చివర పలకని అక్షరం ఒకటి తగిలిస్తారు. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ రాష్ట్రంలో బాగా వ్యాపించింది ఈ రెండో రూపమే.

నేను ఓత్రీస్ పక్షం. అది నిన్న మొన్న పుట్టించిన మాట కాదు. ‘ఓతర్’కు మూలమైన లాటిన్ ‘ఔక్తోర్’కు స్త్రీలింగమైన ‘ఔక్త్రిక్స్’ వారసురాలు. 17వ శతాబ్దపు ఫ్రెంచిలోనూ ఉంది. నటిని ‘అక్త్రీస్’ అని, పాఠకురాలిని ‘లెక్త్రీస్’ అని హాయిగా పిలిచేవారికి రాసే ఆమె దగ్గరే నోరు రాదెందుకు? సంస్కృతంలోని తృ–త్రీ, లాటిన్‌లోని తోర్–త్రిక్స్ ఒకే మూలం నుంచి వచ్చిన ప్రత్యయాలు. మన ‘రచయిత్రి’ ఎంత సహజమో ఓత్రీస్ అంతే సహజం.

గట్టువాసి:
వ్యుత్పత్తి కాదనను. కానీ ఔక్తోర్‌కు మూలమైన ‘ఔగేరే’ అంటే పెంచడం. మన ‘ఓజస్సు’ ఆ ధాతువుకు చుట్టమే. రోమన్ చట్టంలో ఆస్తి అమ్మి, కొన్నవాడి హక్కుకు పూచీ పడేవాడు ఔక్తోర్. 17వ శతాబ్దపు స్పెయిన్‌లో ‘ఔతోర్ దె కొమేదియాస్’ అంటే నాటక సమాజాన్ని నడిపేవాడు, నాటకం రాసినవాడు కాదు. పూచీ పడటానికి ఆడా మగా తేడా ఏమిటి? ఇంగ్లిషువారు ‘ఆథరెస్’ను దాదాపు వదిలేశారు, ఏ నష్టమూ లేదు.

పదశోధిని:
గట్టువాసి గారూ, ఇంగ్లిషు నామవాచకాలకు వ్యాకరణ లింగం లేదు, అందుకే అక్కడ చెల్లింది. ఫ్రెంచిలో ఆ వెసులుబాటు లేదు. పైగా ఓతర్ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ముందున్న ‘ల’ (పుంలింగ పదాల ముందు వచ్చేది), ‘లా’ (స్త్రీలింగ పదాల ముందు వచ్చేది) రెండూ అందులో కలిసిపోయి ‘లోతర్’ అవుతాయి. పలకని అక్షరం చేర్చినా అదే ‘లోతర్’. రేడియోలో వింటే రాసింది ఆమె అని తెలిసే దారే లేదు. ‘లోత్రీస్’ అంటే చెవికి తెలుస్తుంది.

పూచీ మాట మీరే ఎత్తారు. ఫ్రెంచి భాష బాగోగులు చూసేందుకు 1635లో ఏర్పడిన ఫ్రెంచి అకాడమీ ఒక స్త్రీని, రచయిత్రి మార్గరీట్ యూర్సెనార్‌ను, మొదటిసారి ఎన్నుకున్నది 1980లో. వృత్తిపేర్లకు స్త్రీలింగ రూపాలు వాడవచ్చని అంగీకరించింది 2019 ఫిబ్రవరిలో. ఇన్నాళ్లూ పూచీ ఎవరి పేరిట నడిచిందో చూడండి.

గట్టువాసి:
వినపడదన్న మాట బలమైనదే, ఒప్పుకుంటున్నాను. అయినా ‘ఓతర్’ అనే పిలిపించుకోవాలనుకునే రచయిత్రులు ఫ్రాన్సులో ఉన్నారు. వారి పుస్తకం అట్ట మీద వారు కోరిన మాటే ఉండాలి.