ఎండాకాలంలో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని ఎన్‌చాంటెడ్ రాక్ ఎక్కించడం సబబేనా?

రౌండ్‌రాక్ కోడలు:

అందరికీ నమస్కారం. మా అత్తయ్య, మావయ్య మే నెలలో కరీంనగర్ నుంచి వచ్చారు. అక్టోబరు చివరి దాకా ఉంటారు. వచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు, గుడి, కాస్ట్‌కో తప్ప ఇంకేమీ చూపించలేకపోయామని మా వారికి బెంగ. జులై మూడో శనివారం అందరం ఎన్‌చాంటెడ్ రాక్ వెళ్దాం, పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇంటికి వచ్చేద్దాం అంటున్నారు. మావయ్యకి 69 ఏళ్ళు, బీపీ మాత్రలు వేసుకుంటారు. అత్తయ్యకి 64, సుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పులు కూడా. పిల్లల్లో పెద్దాడికి ఎనిమిది, చిన్నదానికి నాలుగు.

ఆ చోటు తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. అది టెక్సాస్‌లో, ఆస్టిన్ నుంచి సుమారు రెండు గంటల దూరంలో, ఫ్రెడరిక్స్‌బర్గ్‌కి ఉత్తరాన ఉన్న స్టేట్ పార్కు. గులాబీ రంగు గ్రానైట్ గుండు. చుట్టూ ఉన్న నేల మీద నుంచి 425 అడుగుల ఎత్తు లేస్తుంది. పైదాకా నడక 0.8 మైలు. "మైలు కూడా లేదు, మా నాన్న అలిపిరి మెట్లెక్కిన మనిషి" అంటారు మా వారు. నాకేమో ఒకటే టెన్షన్. వద్దంటే కోడలు అడ్డం పడిందన్న మాట వస్తుంది. సరేనంటే, అక్కడ ఏదైనా జరిగితే ఎవరం తట్టుకోలేం. మీరైతే ఏం చేస్తారు?

కొండగాలి:

తీసుకెళ్ళండి. ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్ళ పరిస్థితి మనందరికీ తెలిసిందే. కారు నడపలేరు, వీధిలోకి వెళ్తే పలకరించే మనిషి ఉండడు. మనం ఆఫీసుకీ పిల్లలు బడికీ పోతే సాయంత్రం దాకా టీవీ సీరియళ్ళే. ఆరు నెలలు అలా కూర్చోబెట్టి పంపిస్తే వాళ్ళు చూసిన అమెరికా ఏముంటుంది?

వేడి సంగతి కూడా చూద్దాం. జులైలో మధ్యాహ్నం వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి వెళ్తుంది, కాదనను. కానీ తెల్లవారుజామున డెబ్బైల్లోనే ఉంటుంది. ఇంటి నుంచి అయిదింటికి బయల్దేరితే ఏడింటికల్లా కొండ కింద ఉంటారు, తొమ్మిదిన్నరకి దిగిపోతారు. డే పాస్ ముప్పై రోజుల ముందు నుంచే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, తప్పకుండా తీసుకోండి. పార్కు నిండితే గేటు మూసేస్తారు, రెండు గంటలు నడిపి వెళ్ళి వెనక్కి తిరగాల్సి వస్తుంది. పెద్దవాళ్ళకి మనిషికి 8 డాలర్లు, పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఉచితం. ఏడాదిలో ఇంకో రెండు మూడు పార్కులు తిరిగే ఉద్దేశం ఉంటే వార్షిక పాస్ నయం, మీతో కారులో వచ్చిన వాళ్ళందరికీ అదే సరిపోతుంది.

ఇంకో మాట. అది వాలుగా ఉండే బండ. ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ కూర్చోవచ్చు, సగంలో వెనక్కి రావచ్చు. పైదాకా వెళ్ళి తీరాలని రూలేమీ లేదు కదా!

టెక్సాస్ నర్సమ్మ:

కొండగాలి గారూ, అయిదింటికి బయల్దేరితే మీరు చెప్పిందంతా సరిగ్గానే ఉంటుంది. ఆరుగురున్న ఇంట్లో, నాలుగేళ్ళ పాపతో, పులిహోర కలిపి, పెద్దవాళ్ళ స్నానాలూ పూజలూ అయ్యాక అయిదింటికి కారెక్కడం ఎంతమందికి కుదురుతుంది? పదిన్నరకి అక్కడ దిగుతారు. అప్పటికే బండ కాలుతుంటుంది. ఎండ నెత్తి మీదే కాదు, కింద గ్రానైట్‌లోంచి కూడా సెగ కొడుతుంది. పైదాకా ఎక్కడా నీడ లేదు, దారిలో తాగే నీళ్ళ కొళాయి లేదు.

అలిపిరి పోలిక దయచేసి పక్కన పెట్టండి. అక్కడ మెట్లు 3,550, దూరం కూడా చాలా ఎక్కువ, నిజమే. కానీ దారి చాలాభాగం పైకప్పు ఉంటుంది. నీళ్ళు, బాత్‌రూములు, కూర్చోవడానికి అరుగులు, మజ్జిగ అమ్మేవాళ్ళు ఉంటారు. అన్నిటికంటే ముఖ్యం, పైకి వెళ్ళాక దర్శనం చేసుకుని బస్సులో దిగుతాం. ఇక్కడ ఎక్కిన మనిషి అదే కాళ్ళతో దిగి రావాలి. మోకాళ్ళు అరిగిన వాళ్ళకి అసలు పరీక్ష దిగేటప్పుడే. మెట్లుండవు, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు, పాదం వాలు మీద ముందుకి జారుతూ ఉంటుంది, ఒళ్ళు బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది.

మావయ్య గారి బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు ఉందేమో ముందు చూడండి. అది ఉంటే ఒంట్లో నీళ్ళు తొందరగా తగ్గుతాయి. వయసు పెరిగేకొద్దీ దాహం కూడా సరిగా తెలియదు, అందుకే "నాకు దాహం లేదమ్మా" అన్న మాటని నమ్ముకోవద్దు. అత్తయ్య గారు వాడే సుగర్ మందులు ఏవో కూడా చూసుకోండి. కొన్ని మందులు వేసుకుని అలవాటు లేని నడక నడిస్తే సుగర్ పడిపోతుంది. జులైలో ఈ కొండ వద్దనే నా మాట.

మానేరు గట్టు:

మాదీ కరీంనగరే అక్కా, అందుకే రాస్తున్నాను. మన జిల్లా గ్రానైట్ సంగతి మావయ్యకి మనకంటే ఎక్కువ తెలుసు. టాన్ బ్రౌన్ అని పేరు పెట్టి గుట్టలకి గుట్టలే కోసి ఓడలెక్కించారు. మన వైపు నుంచి వచ్చిన మనిషి కళ్ళముందు, ఎవరూ ఉలి పెట్టని ఒక గ్రానైట్ గుట్ట నిలబడి ఉండటం చిన్న విషయం కాదు. 1978లో రాష్ట్రం చేతికి వచ్చింది కాబట్టే అది ఇవాళ అలా ఉంది. ఆ రాయి వయసు సుమారు వంద కోట్ల ఏళ్ళు. మన దక్కన్ గ్రానైట్ ఇంకా పాతది, రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ పైమాటే. ఈ మాట అక్కడే నిలబడి మనవడికి తాత చెప్పాలి.

రాయిని దగ్గర్నుంచి చూస్తే ఉల్లిపాయ పొరల్లా పెచ్చులు లేచి ఉంటుంది. భూమి లోపల ఒత్తిడిలో గట్టిపడిన రాయి, మీదున్న మట్టీ రాళ్ళూ కొట్టుకుపోయాక వ్యాకోచించి పొరలు పొరలుగా విడిపోతుంది. పైన అక్కడక్కడా గుంటలుంటాయి. వాన పడితే వాటిలో నీళ్ళు నిలుస్తాయి, ఆ నీళ్ళలో గోరంత రొయ్యలు పుడతాయి. నీళ్ళు ఎండిపోయినా వాటి గుడ్లు అడుగున మట్టిలో బతికే ఉంటాయి, మళ్ళీ వాన కోసం. అందుకే గుంట ఎండిపోయి కనిపించినా అందులో కాలు పెట్టకూడదు. మీ ఎనిమిదేళ్ళ బాబు ఆ గుంటల దగ్గర్నుంచి కదలడు, చూస్తూ ఉండండి.

నా ఓటు ఎక్కడానికే. నర్సమ్మ గారు చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకుని ఎక్కండి, మానుకోవద్దు.

ఇద్దరు పిల్లల అమ్మ:

అందరూ పెద్దవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు, నాలుగేళ్ళ పాప సంగతి ఎవరూ ఎత్తలేదు. సగం దూరం వెళ్ళాక "ఎత్తుకో" అంటుంది. అప్పుడు ఎవరెత్తుకుంటారు? మీ ఇంట్లో గట్టిగా నడవగలిగిన వాళ్ళు ఇద్దరు, చెయ్యి పట్టుకోవాల్సిన వాళ్ళు నలుగురు. మీ వారు పాపని భుజాన వేసుకుంటే వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకునేది ఎవరు? మీరు అత్తయ్యని పట్టుకుని దిగుతుంటే బాబు ముందుకి పరిగెత్తకుండా ఆపేది ఎవరు? నా ఉద్దేశంలో వేడి కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇంకో కుటుంబం తోడు వస్తే వేరే మాట.

చెప్పుల సంగతి కూడా ఇప్పుడే చూడండి. మన పెద్దవాళ్ళు ఇండియా నుంచి తెచ్చుకున్న తోలు చెప్పులతోనే ఎక్కడికైనా వచ్చేస్తారు. అడుగు నున్నగా అరిగిన చెప్పు ఆ వాలు మీద ఆగదు. షూ కొనిచ్చి, వారం రోజులు వీధిలో నడిపించి అలవాటు చేయాలి. కొత్త షూతో నేరుగా కొండకి తీసుకెళ్తే బొబ్బలే.

జులైలోనే ఎక్కడికైనా వెళ్ళాలంటే ఆస్టిన్‌లోనే మెకిన్నీ ఫాల్స్ స్టేట్ పార్కు ఉంది. చదునైన తారు బాట మూడు మైళ్ళకి కొంచెం తక్కువ ఉంటుంది, చాలా చోట్ల చెట్లున్నాయి. వాగు మీద చిన్న జలపాతాలు, పిల్లలు ఆడుకోవడానికి నీళ్ళు. అలసిపోతే నలభై నిమిషాల్లో ఇంట్లో ఉంటారు.

గుంటూరు తాతయ్య:

నేను డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను, నా వయసు 72. ఇంతసేపూ చదివాను. అందరూ మంచి మాటలే చెప్పారు, ఒక్కరూ "మావయ్య గారిని అడిగావా అమ్మా?" అనలేదు. మా మందులు, మా మోకాళ్ళు, మా చెప్పులు, అన్నీ మీరే మాట్లాడుకుని, తీర్మానం చేసి, శనివారం పొద్దున మమ్మల్ని కారెక్కమంటారు. నలభై ఏళ్ళు ఉద్యోగాలు చేసి, ఇళ్ళు కట్టి, పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళం. ఒక బండరాయి ఎక్కగలమో లేదో చెప్పలేమా?

అమ్మాయ్, ఆయన్ని కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇంత ఎత్తు, ఇంత ఎండ, నీడ లేదు, దిగేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఫోటోలు చూపించు. మీ అత్తగారికి విడిగా చెప్పు, ఆయన ముందు అడిగితే ఆవిడ నోరు విప్పదు. ఆమె రానంటే వదిలేయండి, కొండ ఎక్కనంత మాత్రాన ఆమెకి ఏ లోటూ రాదు. కానీ "పెద్దవాళ్ళు కదా, వద్దులే" అని మా తరఫున మీరు అనేయకండి. అది మాకు బాధ.

టెక్సాస్ నర్సమ్మ:

తాతయ్య గారూ, మీరన్నది నిజం, వాళ్ళని అడగాల్సిందే. అయితే మీలా తేటగా చెప్పే పెద్దవాళ్ళు తక్కువ. అడిగితే వచ్చే జవాబు "మీ ఇష్టం నాన్నా" లేదా "నాకేం కాదు, పద". కొడుకు ముచ్చటపడి తీసుకెళ్తున్నాడు, కాదంటే చిన్నబుచ్చుకుంటాడని ఒప్పుకుంటారు. తల తిరుగుతున్నా చెప్పరు.

మా పక్కింటి వాళ్ళ అమ్మగారికి ఎండలో ఇలాగే అయింది, చోటు వేరు. చెమట పట్టడం ఆగేదాకా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు, ఆవిడ కోలుకున్నారు. ఆ తర్వాత ఆవిడకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ కంపెనీ, ముందు నుంచీ ఉన్న జబ్బు అంటూ బిల్లులో చాలాభాగం కట్టనంది. పాలసీలో ఆ షరతు ఉంది, చిన్న అక్షరాల్లో. మీరు తీసుకున్న పాలసీ ఒకసారి చదివి చూడండి.

కాబట్టి నోటితో అడగడంతో ఆగకండి. సాయంత్రం పూట మీ వీధిలో అరగంట నడవమనండి. ఇంట్లో మెట్లు దిగేటప్పుడు గమనించండి. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, పక్కకి తిరిగి దిగుతున్నారంటే ఆ మోకాళ్ళు ఆ బండ మీద దిగలేవు. అది వాళ్ళు నోటితో చెప్పరు, కాళ్ళు చెప్తాయి.

కొండగాలి:

నర్సమ్మ గారి భయం నాకు అర్థమైంది, మెట్ల పరీక్ష మంచి ఆలోచన. కానీ ప్రతిదానికీ ఎమర్జెన్సీ రూమ్ గుర్తు తెచ్చుకుంటే ఎవరమూ గడప దాటం. జులై వద్దంటే మానుకోమని కాదు, అక్టోబరుకి జరపండి, వాళ్ళు ఉంటారు కదా. అయితే ఒకటి గుర్తుంచుకోండి, చల్లబడిన శని, ఆదివారాల్లో ఆ పార్కు కిటకిటలాడుతుంది. ముప్పై రోజుల ముందే పాస్ తీసేసుకోవాలి. అక్టోబరు రెండో సోమవారం చాలా స్కూళ్ళకి సెలవు, మీ స్కూలు క్యాలెండర్‌లో ఉందేమో చూడండి.

రౌండ్‌రాక్ కోడలు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. తాతయ్య గారు చెప్పినట్టే నిన్న రాత్రి మావయ్యకి ఫోటోలు చూపించి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు చూసి మొదట అడిగింది, "ఇది ఎవరూ కోసుకుపోలేదా?" అని! మానేరు గట్టు తమ్ముడూ, నువ్వన్నది అక్షరాలా నిజం. ఎక్కుతానన్నారు, కానీ ఇంత ఎండలో వద్దులే అని ఆయనే అన్నారు. అత్తయ్యని వంటింట్లో విడిగా అడిగాను. "నేను కింద చెట్టు కింద కూర్చుంటాను, మీరు ఎక్కిరండి. కానీ వాడితో చెప్పకు, బాధపడతాడు" అన్నారు. ఇన్ని రోజుల నుంచీ ఆవిడ మనసులో ఉన్న మాట అదన్నమాట.

మావయ్యది పొద్దున వేసుకునే బీపీ మాత్ర. అందులో నీళ్ళు పోయే మందు ఉంది. ఆరోజు ఎప్పుడు వేసుకోవాలో, ఎన్ని నీళ్ళు తాగాలో ఇండియాలో ఉన్న డాక్టరు గారికి ఫోన్ చేసి కనుక్కుంటాం. జులైలో పొద్దున్నే మెకిన్నీ ఫాల్స్, అక్టోబరులో కొండ, అలా అనుకున్నాం. మా వారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, "అక్టోబరు దాకా వాళ్ళ ఓపిక ఇలాగే ఉంటుందా?" అంటున్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. అత్తయ్య, చిన్నది కింద ఉండిపోతే వాళ్ళతో ఎవరైనా ఉండాలి. ఫోన్ సిగ్నల్ అక్కడ అన్ని చోట్లా రాదట. నేనే ఉండిపోవాలి కాబోలు.

ఇద్దరు పిల్లల అమ్మ:

మీరెందుకు? వంట మీరు చేసి, సామాను మీరు సర్ది, కొండ దాకా వెళ్ళి మళ్ళీ కింద మీరే కూర్చుంటారా? మీ వారిని ఉండమనండి. ఆయన తర్వాత ఎప్పుడైనా ఎక్కొచ్చు. వాళ్ళ అమ్మతో రెండు గంటలు ఒంటరిగా కూర్చునే వీలు ఆయనకి ఇంట్లో ఎలాగూ దొరకదు. మావయ్యనీ బాబునీ తీసుకుని మీరెక్కండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, మావయ్యకి టోపీ, చేతికర్ర ఒకటి. సగం దాకా వెళ్ళి ఆయన చాలంటే అక్కడే ఆగిపోండి.

గుంటూరు తాతయ్య:

ఈ చివరి అమ్మాయి చెప్పింది బాగుంది. చేతికర్ర మాత్రం ఆయన్నే ఎంచుకోనివ్వండి.